పాత పికప్

"పాతదే ఉంచండి బాబూ."

గుమ్మం దగ్గర నుంచి ఆ మాట వినపడి కృపారావు తలెత్తాడు.

అది నందిగామ సెంటర్లో తిరుపతిరావు మైకుసెట్ల షాపు. బల్ల మీద కృపారావు ఎలక్ట్రిక్ గిటారు, పక్కన రెండు పికప్‌లు. తీగల కింద కూర్చుని, వాటి కదలికను పట్టి ఆంప్లిఫయరుకు అందించే చిన్న దిమ్మలవి. ఒకటి ఇన్నాళ్ళూ గిటారులో ఉన్న పాతది. రెండోది మద్రాసు నుంచి తెప్పించిన కొత్తది. పొద్దుటి నుంచి రెండిటినీ మార్చి మార్చి బిగించి, ఒకే పాట వాయించి చూస్తున్నాడు.

పాట బ్లూస్. బెజవాడ రైల్వే కాలనీలో ఒక గార్డు దగ్గర పాత రికార్డు మీద విని నేర్చుకున్నాడు. అమెరికాలో నల్లవాళ్ళు పత్తి చేలల్లో పడ్డ కష్టంలోంచి పుట్టిన పాటలట. ఆ రికార్డులో గిటారు నిజంగా ఏడ్చేది. ఆ ఏడుపు తన గిటారులోనూ పలకాలని కృపారావు ఆరాటం.

గుమ్మంలో మనిషికి యాభై ఏళ్ళుంటాయి. మాసిన గడ్డం, లోతుకు పోయిన కళ్ళు.

"పాతదేంటి? గుయ్యిమంటంది. సౌండు కూడా లేదు" అన్నాడు కృపారావు.

"కొత్తది మరీ శుభ్రంగా ఉంది బాబూ. ఏడ్చేవాడి గొంతు శుభ్రంగా ఉండదు."

తిరుపతిరావు నవ్వాడు. "నీకు గిటారొచ్చా?"

"వాయించేవాణ్ణండి. ఉత్త చెక్క గిటారు." చెయ్యి చాపాడు. "ఒక్కసారి ఇస్తారా? మళ్ళీ ఇచ్చేస్తా."

ఆ చెయ్యి వణుకుతోంది.

"తాగొచ్చాడు. ఇవ్వమాక" అన్నాడు తిరుపతిరావు గొంతు తగ్గించి.

కృపారావు గిటారును తన వైపు జరుపుకున్నాడు. చాపిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, వెనక్కి వెళ్ళింది. మనిషీ వెళ్ళిపోయాడు.

కృపారావు కొత్తదే బిగించుకున్నాడు. సాయంత్రం హైస్కూలు గ్రౌండులో కచేరీ. బెజవాడలో పెద్ద ఆర్కెస్ట్రా నడిపే వెంకటరత్నం గారు వస్తున్నారు. ఆయనకు నచ్చితే సొంతూరు జగ్గయ్యపేట పెళ్ళిపందిళ్ళ నుంచి బయటపడొచ్చు. అంత జనంలో పాతది వినపడకపోతే బతుకంతా ఆ పందిళ్ళే.

పొద్దు వాలేసరికి గ్రౌండు నిండింది. స్టేజీ పక్కన దివి తాలూకాకు పంపే బియ్యం మూటలు, పాత బట్టలు పోగుపడుతున్నాయి. కృపారావు వంతు రాబోతుండగా ఆ మనిషే స్టేజీ మెట్లెక్కాడు.

"బాబూ, ఆ పాట నన్ను వాయించనివ్వండి. అదొక్కటే."

"ఉప్పెనలో పోయినోళ్ళ కోసం చేస్తున్న కచేరీ ఇది. తాగి ఊగడానికి కాదు. దిగు."

"నేను తాగలేదండి."

ముందు వరసలోంచి వెంకటరత్నం ఇటే చూస్తున్నారు. కృపారావుకు తల కొట్టేసినట్టయింది. వాలంటీర్లకు సైగ చేశాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగారు. మెట్ల మీంచి బోర్లా పడ్డాడు. మెల్లగా లేచి, మట్టి కూడా దులుపుకోకుండా జనంలో కలిసిపోయాడు.

కృపారావు వాయించాడు. ప్రతి స్వరమూ గ్రౌండు చివరిదాకా ఖంగున మోగింది. జనం ఈలలు వేశారు.

కచేరీ అయ్యాక వెంకటరత్నం దగ్గరికి పిలిచారు.

"వేళ్ళు బాగా ఆడుతున్నయ్యయ్యా. కానీ చావింట్లో పాటని పెళ్ళింట్లో వాయించినట్టు వాయించావు."

అంతే. కారెక్కి వెళ్ళిపోయారు.

కృపారావు జగ్గయ్యపేట బస్సెక్కలేదు. తెల్లారగానే తిరుపతిరావు చేత షాపు తెరిపించి, కొత్త పికప్ ఊడదీశాడు. పాతది పెట్టి, సౌండు తగ్గించి మీటాడు. ఆ హోరులోంచి స్వరం, గొంతు పూడుకుపోయిన మనిషి మాటలా తెరలు తెరలుగా వచ్చింది. తిరుపతిరావు చేతిలో పని ఆగిపోయింది.

"ఆ మనిషి ఎక్కడుంటాడు?" అన్నాడు కృపారావు.

"చర్చి వరండాలో పడుకుంటాడంట."

గిటారు భుజాన వేసుకుని వెళ్ళాడు. వరండాలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య, నేల మీద తెల్ల దుప్పటి. పాస్టరు సొలొమోను ఎదురొచ్చాడు.

"పొద్దున లేవలేదు. ప్రేమానందమని పేరు. వచ్చిన దగ్గర్నుంచీ సరిగా తిన్నది లేదు. బతిమాలి గంజి పట్టినా రెండు గుక్కలే."

"చేతులు వణికేవండి?"

"తిండి లేక." సొలొమోను గిటారు వంక చూశాడు. "ఎటూ తెచ్చావు. సమాధి దగ్గర ఒక పాట వాయించు. ఇతని కోసం ఏడ్చేవాళ్ళు లేరు."

ఊరి బయట సమాధుల దొడ్డిలో కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఏ పికప్ అయినా ఒకటే. తీగల చప్పుడు పక్కన నిలబడ్డవాడికి కూడా సరిగా వినపడలేదు. అయినా కృపారావు ఆ పాట చివరిదాకా వాయించాడు.

అందరూ పిడికెడు మట్టి వేశారు.

"అయ్యగారూ, ఇతని వాళ్ళకి కబురు పెట్టారా?" అన్నాడు కృపారావు.

సొలొమోను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఎవరికి పెట్టమంటావయ్యా, దివిలో వీళ్ళ ఊరంతటికీ ఉప్పెన మిగిల్చింది ఇతన్నొక్కణ్ణే."