చెరువు తరఫున

“టీ తాగేలోపు ఆయన రాకపోతే చెరువు చచ్చినట్టే రాసుకోమ్మా,” అన్నాడు అధ్యక్షుడు, చావు కబురు చల్లగా చెప్పినట్టు.

బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా అమ్మాయి కలం పక్కన పెట్టేసింది. సముద్రాలు తప్ప మిగతా నీళ్ళన్నిటి మంచిచెడ్డలూ చూసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం అది. ఏ చెరువు బతికుందో, ఏది చచ్చిందో మహాసభలో తేలుస్తారు. చచ్చిందని తీర్మానమైతే మట్టి పోసి పూడ్చుకోవడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. కాదనాలంటే చెరువు తరఫున ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి. కొండకింద చెరువు కోసం రావలసిన పరిశోధకుడు ఇంకా రాలేదు. పొద్దుటి నుంచీ ఫోనూ ఎత్తడం లేదు. ఆయన చెప్పగా చెప్పగా, కంటితో చూడని ఆ చెరువు మీద ఈ అమ్మాయికి మమకారం పుట్టేసింది.

“ఇంకాసేపు చూద్దాం సార్.”

“ఏం చూస్తాం? నీళ్ళలో ప్రాణవాయువు లేదు, చేప లేదు, చివరికి నాచు కూడా కుళ్ళిపోయింది. శవం ముందు ఎంతసేపని కూర్చుంటాం?”

“ఊపిరాడకపోవడం వేరు బాబూ, చావడం వేరు.”

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో ఒక ముసలామె. మనిషి సన్నగా, నల్లగా ఉంది. బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

“ఎవరు పెద్దమ్మా మీరు?” అంది అమ్మాయి.

“కొండకింద చెరువు తరఫున వచ్చాను తల్లీ.”

“ఆయన పంపారా?”

“నన్నొకరు పంపేదేమిటి? ఆ బాబు అందరి కాళ్ళూ పట్టుకుని అలిసిపోయాడు. ఇక లాభం లేదని నేనే బయల్దేరాను.”

“అంత దూరం నుంచి ఎలా వచ్చారు?”

“నడిచే. దారి తెలియదు. పల్లం చూసుకుంటూ వచ్చేశాను.”

అధ్యక్షుడు నవ్వాడు. “ముసలావిడని పంపి జాలి పుట్టిద్దామనుకున్నాడన్నమాట మన మేధావి! శాస్త్రవేత్తలు మాట్లాడే చోట ఈవిడేం మాట్లాడుతుంది?”

“శాస్త్రవేత్తే రావాలని మన నియమాల్లో లేదు సార్. చెరువు తరఫున ఎవరైనా రావచ్చు.”

“నీకు నియమాలు బాగానే వచ్చు. లోపల ఏదైనా తేడా జరిగిందా, రేపు ఆ కుర్చీలో నువ్వుండవు,” అని ఆయన విసవిసా లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి ముసలామె చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేయాలనిపించింది. బావి అడుక్కి చెయ్యి పెట్టినంత చల్లగా ఉంది. బురద వాసన, కుళ్ళిన ఆకుల వాసన. నీళ్ళలో పడి పోయినవాళ్ళ గురించి చిన్నప్పుడు విన్న కథలన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. నీడ ఉందా లేదా అని దొంగచూపు చూసింది. నీడ ఉంది. అయినా ఒక అడుగు వెనక్కి వేసింది.

“భయపడకు తల్లీ,” అంది ముసలామె. “ఈతకని దిగి మునిగిపోయిన పిల్లలు ఎంతమందో. ఒక్కొక్కళ్ళ మొహం నాకు గుర్తే. అందరూ నన్నే తిట్టారు, పడ్డాను. ఇప్పుడు మట్టి పోస్తామంటున్నారే, ఆ పిల్లల మీద కూడా పోసినట్టే కదా?”

అమ్మాయి కళ్ళు నిండాయి. ఈ ముసలామె ఎవరైతేనేం, ఉద్యోగం ఏమైతేనేం అనుకుని తలుపు తీసింది.

టీ గ్లాసులు ఇంకా సర్దకముందే అనువాదకురాలు తన గాజు గదిలోంచి బయటికొచ్చేసింది. మొహం పాలిపోయి ఉంది.

“అదేంటి, మధ్యలో వచ్చేశారు?”

“నాతో పని లేదట. అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశారు.”

“మరి ఆవిడ మాట వాళ్ళకి అర్థం కావద్దూ?”

“అవుతోందట. ఎవరి భాషలో వాళ్ళకి వినబడుతోందట,” అని అనువాదకురాలు గొంతు తగ్గించింది. “నాకు మటుకు నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.”

చాలాసేపటికి తలుపు తెరుచుకుని అధ్యక్షుడు వచ్చాడు. అమ్మాయి మొహం చూడలేక గోడకేసి చూస్తూ మాట్లాడాడు.

“తీర్మానం వీగిపోయింది. చెరువు బతికే ఉందని రాసుకో. ఒక్కరు కూడా చావు వైపు చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు.”

“ఆవిడేరి సార్?”

“లోపలే కూర్చుంది. బాగా అలిసిపోయింది పాపం.”

ఆ మనిషి నోట పాపం అన్న మాట రావడం అమ్మాయి ఎన్నడూ వినలేదు. సంతోషం పట్టలేకపోయింది. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. పరిశోధకుడే.

“సార్! మీ చెరువు బతికిందండీ! అందరూ మీ వైపే!”

అటునుంచి ఏడుపు దిగమింగుతున్న చప్పుడు వినబడింది.

“ఇంకెక్కడి చెరువమ్మా? తెల్లారి చూస్తే చుక్క నీరు లేదు. పొద్దుటి నుంచీ ఊరంతా గట్టు మీదే నిలబడి ఉన్నాం.”

“అయ్యో, ఎండిపోయిందా సార్?”

“అంత చెరువు ఒక్క రాత్రిలో ఎండుతుందా? నట్టనడుమ నుంచి గట్టు దాకా బురదలో ఒక మనిషి అడుగులున్నాయి. లోపలికి వెళ్ళినవి లేవమ్మా, బయటికి వచ్చినవే ఉన్నాయి.”