గిన్నె వద్దన్న మనిషి

"వద్దక్కా" అంది తెల్ల కోటావిడ.

కసిమిరా చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతిలో ఎద్దుకొమ్ము గిన్నె. గిన్నె నిండా తెరెరే, అంటే మూలికలు దంచి కలిపిన చల్లటి ఆకు పానీయం. అందులో పీల్చుకునే గొట్టం.

మా అసున్సియోన్ బజారులో గిన్నె వద్దన్నవాళ్లు లేరు. పొద్దున పదయ్యేసరికి మూలికల దుకాణాల వరసలో ఒకే గిన్నె, ఒకే గొట్టం పది నోళ్లు తిరగాల్సిందే. వద్దన్నామంటే, నీ ఎంగిలి నాకు రోత అని మొహం మీద అన్నట్టే.

"ఏం, మా నోళ్లు కంపు కొడుతున్నాయా?" అంది కసిమిరా.

"అయ్యో, అదేం లేదు. నేను తాగడం మానేశాను."

"తెరెరే మానేసిందట! రేపు గాలి పీల్చడం కూడా మానేస్తుంది కాబోలు" అంది పక్క దుకాణం హెర్మీనియా.

వరసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. చంకనున్న ఐసు పెట్టె కింద పెట్టి చెమట తుడుచుకుంది.

వరస చివర ఒక కుర్ర నర్సు బల్ల వేసుకుని కూర్చుంది. చలికాలం ముందు ఏటా వేసే ఫ్లూ టీకా. పెట్టె మొయ్యడం, జనాన్ని పిలవడం ఈవిడ పని.

"ఆ ఐసు రెండు ముక్కలు మా నీళ్లలో వెయ్యి. సూదులకెందుకు దండగ" అంది కసిమిరా. "ఏటా గుచ్చించుకోవాలట, అయినా జలుబు చేస్తుందట. ఇంక ఆ సూది దేనికి?"

"జలుబు చేస్తే చేస్తుందక్కా. మనిషి మిగలడానికి."

ఆవిడ చూపు కసిమిరా మీద లేదు. పక్కన పీట మీద కూర్చుని పుదీనా కట్టలు కడుతున్న నిమియా మీద ఉంది. నిమియా కసిమిరాకి ఒక్కగానొక్క కూతురు. ఆరో నెల.

"నువ్వు మానెయ్. ఈ పిల్లకి మాత్రం వేయించు. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ జ్వరం మంచిది కాదు."

నిమియా చేతిలో కట్ట పక్కన పెట్టింది. "వేయించుకోనా అమ్మా?"

"కూర్చో! మూలికల కసిమిరా కూతురు సూది వేయించుకుందంటే రేపట్నుంచి నా ఆకు ఎవరు కొంటారే?"

నిమియా కూర్చుంది.

తెల్ల కోటావిడ మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా.

"సాయంత్రంలోగా ఇన్ని భుజాలు గుచ్చకపోతే పైవాళ్లు నీ తాట తీస్తారా ఏంటి?" అంది కసిమిరా.

"నా సంగతొకటి చెబుతాను, కాస్త వినక్కా."

"నీ సంగతి నాకెందుకు?" అని కసిమిరా రోట్లో ఆకు వేసి, మాట వినబడకుండా ధన్ ధన్ మని దంచింది.

ఆవిడ పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

జూన్‌లో, మా చలికాలం మొదట్లో, దక్షిణపు చలిగాలి దిగింది. వరసలో దగ్గు మొదలైంది. ముందు దగ్గినదెవరో తెలియదు. గిన్నె మాత్రం ఆగలేదు. ఓ పొద్దున కసిమిరాకి గొంతు గరగరలాడింది. తను తాగి, మళ్లీ నింపి, కూతురికి అందించింది. రోజూ అందించినట్టే.

కసిమిరా రెండు రోజుల్లో లేచి తిరిగింది. నిమియా పడుకుంది.

"ఆస్పత్రికి తీసుకెళ్లవే" అని హెర్మీనియా బతిమాలింది. కసిమిరా వినలేదు. సగం ఊరి దగ్గుకి మందిచ్చిన చెయ్యి అది. దంచింది, కాచింది, పట్టింది. నాలుగు రోజులు. అయిదో రోజు నిమియా పెదాలు నీలంగా మారాక ఆస్పత్రికి పరిగెత్తింది.

ఆరో రోజు నిమియా పోయింది. కడుపులో బిడ్డా పోయింది. ఇరవై ఏళ్లు పెంచిన కూతురు ఆరు రోజుల్లో పోతే ఎవర్ని తిట్టాలో కూడా తెలియదు.

పోయినవాళ్ల కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు జరిగాయి. చివరిరోజు మధ్యాహ్నం ఆవిడ కసిమిరా ఇంటి గుమ్మంలోకొచ్చింది. తెల్ల కోటు లేదు, నల్ల బట్టల్లో ఉంది.

"ఇంకా ఎవరు మిగిలారని వచ్చావు?" అని అరిచింది కసిమిరా.

ఆవిడ పెరట్లోకి నడిచింది. తొమ్మిది రోజులుగా ఎవరూ ముట్టని రోలు అక్కడుంది. వచ్చినవాళ్లకి తెరెరేలో కలపడానికి ఆకు దంచేవాళ్లే లేరు. ఆవిడ పీట లాక్కుని, రోలు కడిగి, ఆకు వేసి దంచడం మొదలుపెట్టింది.

రెండు పోట్లు, ఒక తిప్పు. ఆకు చిందకుండా రోటి అంచుకి ఎడమ అరచెయ్యి అడ్డం.

గుమ్మంలో కసిమిరా ఏడుపు ఆగిపోయింది. ఎవరో చెబితే వచ్చే పని కాదది. దగ్గరికెళ్లి ఆవిడ కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది. తన చేతికి ఉన్నచోటే.

"నర్సు చేతికి ఈ కాయ ఎక్కడిది?"

"నేను నర్సుని కాదక్కా. ఊరికే పెట్టె మోస్తానంటే ఆ కోటిచ్చారు."

"మరెవరివి?"

ఆవిడ దంచిన ఆకు నీళ్లలో కలిపి, గిన్నె నింపి కసిమిరా చేతికిచ్చింది. తను తాగలేదు.

"కాన్సెప్సియోన్ ఊరి బజారులో మూలికల ఒబ్దూలియా అంటారు నన్ను" అంది. "పోయినేడాది చలికాలం ముందు మా అమ్మాయి కడుపుతో ఉండి, వేయించుకోనా అమ్మా అనడిగితే, నా ఆకు ఎవరు కొంటారే అని కూర్చోబెట్టాను."