ఇంటికి పెట్టిన ముద్ద

“ఇంటికి అన్నం పెట్టారా?” అన్నాడు ప్రెంటిస్, కాగితాల మీంచి తలెత్తకుండా. “ఇల్లు తింటుందా?”

అతను గని కంపెనీ లాయరు. టొరంటోలో ఓ పెద్ద భవనంలో గది అది. కేసు జడ్జి ముందుకు వెళ్లకముందే, ఫిర్యాదు చేసిన మనిషిని ఎదుటి లాయరు కూచోబెట్టి ప్రశ్నలడిగే గది. బల్లకు అవతల, గని కోసం ఇల్లు తగలబెట్టారని కేసు వేసి గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన పెత్రోనా, పక్కన ఆమె లాయరు నోరా. మూలన ప్రతి మాటా టైపు చేసే మనిషి. అందరి మధ్యా దుబాసీ ఎర్లిందా. పెత్రోనాకు కెక్చి భాష తప్ప మరో ముక్క రాదు.

ఎర్లిందా ఆ ప్రశ్నను కెక్చిలో అడిగింది. పెత్రోనా ప్రెంటిస్ వంక జాలిగా చూసి జవాబు చెప్పింది.

“ఇల్లు కట్టుకున్నాక నేను నాలుగు గుంజలకూ కోకో రసం, కోడి నెత్తురు పూశాను,” అంది ఎర్లిందా ఇంగ్లీషులో. “పెట్టకపోతే ఇల్లు ఆకలికి మనుషుల్ని తింటుంది. మీ ఇళ్లు ఏం తింటాయో నాకు తెలీదు.”

దుబాసీ ‘ఆమె అంటోంది’ అనకూడదు. సాక్షి ‘నేను’ అంటే దుబాసీ కూడా ‘నేను’ అనాలి. ఏమీ కలపకూడదు, ఏమీ మింగకూడదు. మొదటి రోజే ప్రమాణం చేయించారు. ఎర్లిందాకు ఈ పని కొత్త కాదు. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో ఎందరి నొప్పులో తన నోటితో చెప్పింది. చెప్పి, ఇంటికెళ్లి వండుకు తిన్నది. ఈ మూడు రోజులుగా మాత్రం ముద్ద దిగడం లేదు. పొద్దున లేచేసరికి గదిలో తడిసిన గడ్డికప్పు కాలిన వాసన. కిటికీ తెరిచినా పోదు.

“సరే, ఇళ్లు తగలబడిన రోజుకొద్దాం,” అన్నాడు ప్రెంటిస్. “దారి మీద తెల్ల జీపు ఆగి ఉందన్నారు. అందులో ఎవరున్నారు?”

“చూడలేదు.”

“దారి మీ గుమ్మం ఎదురుగానే ఉంది కదా?”

“నేను ఇంటివైపు తిరిగి ఉన్నాను. దాన్ని క్షమించమని అడుగుతున్నాను.”

“ఇంటినా?”

“నా చేతి ముద్ద తిన్నది. అది పోతుంటే మొహం తిప్పుకుని దారిన పోయేవాళ్లని చూస్తూ నిలబడమంటావా నాయనా?”

‘నాయనా’తో సహా ఎర్లిందా చెప్పింది. ప్రెంటిస్ చిన్నగా నవ్వాడు.

నోరా కాసేపు విరామం అడిగింది. నడవాలోకి రాగానే గోడకు ఆనుకుని నిలబడింది.

“అయిపోయినట్టే ఎర్లిందా. ఇళ్లు కాల్చింది అక్కడి పోలీసులు, మాకేం సంబంధం అంటోంది కంపెనీ. జీపులో కూచుని కాల్పించింది వాళ్ల మనిషేనని చెప్పే నోరు ఒక్కటి కావాలి. ఊళ్లోవాళ్లంతా చెదిరిపోయారు. దొరికినవాళ్లు భయపడి రారు. ఇవాళ ఈమె కూడా చెప్పలేకపోతే కేసు ఇక్కడే చచ్చిపోతుంది.”

“నాతో చెప్పకూడదేమో మీరు ఇవన్నీ.”

“చెప్పకూడదు,” అంది నోరా. “ఎవరితోనో ఒకరితో అనకపోతే ఊపిరాడేలా లేదు.”

భోజనాల బల్ల దగ్గర పెత్రోనా రొట్టెముక్క విప్పి, తను తెచ్చుకున్న కారం చల్లుతోంది.

“ఇది తిండేనా తల్లీ? దిండులో దూది పెట్టినట్టుంది. కూచో, నువ్వూ తిను. నీ గదికి పెట్టావా ఎప్పుడన్నా?”

“అద్దె గది అమ్మా. పదిహేడో అంతస్తు.”

“అయితే పదిహేడు ఇళ్ల ఆకలి, ఒకదాని నెత్తిన ఒకటి.”

ఎర్లిందా నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

“మీది ఏ ఊరు?”

“కోబాన్ పట్నం.”

“కోబాన్ వాళ్లు ఇంత సాగదీసి మాట్లాడరే. నీ మాట మా వాగు అవతలివాళ్ల మాటలా ఉంది.” పెత్రోనా వేళ్లకంటిన కారం నాక్కుంది. “పాపం, ఆ రోజు వాళ్ల ఇళ్లు మావాటికంటే ముందే కాలిపోయాయి.”

ఎర్లిందా కారం సీసాకు మూత బిగించి ఆమె చేతికిచ్చింది. “వేళయింది అమ్మా. పదండి.”

ప్రెంటిస్ అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు.

“ఆఖరిసారి అడుగుతున్నాను. బాగా ఆలోచించుకుని చెప్పండి. జీపులో ఉన్న మనిషిని మీరు చూశారా, లేదా?”

ఎర్లిందా గ్లాసెడు నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, రోజూ మాట్లాడే గొంతుతోనే ఇంగ్లీషులో చెప్పింది.

“చూశాను. ముందు సీట్లో కూచున్నాడు. నెత్తిన మీ కంపెనీ టోపీ ఉంది. దిగలేదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, ముందు ఏ ఇల్లో తర్వాత ఏ ఇల్లో వేలితో చూపించాడు. ఆ వేలు ఎటు తిరిగితే పోలీసులు అటు నడిచారు. మా ఇల్లు చూపించినప్పుడు లోపల మా అమ్మ ఉంది. మంచం మీంచి లేవలేని మనిషి. నేను వాగు పక్క యాలకుల తోటలో దాక్కుని ఉన్నాను. అతని మొహం ఇవాళ చూపించినా గుర్తుపడతాను.”

టైపు చప్పుడు ఆగిపోయింది. నోరా కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది. ప్రెంటిస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ ప్రశ్న ఇంకా పెత్రోనా దాకా వెళ్లనే లేదు.