ఎలుగుబంటికి పెట్టిన తేనె

ఎలుగుబంటి గారు తేనె నాకుతూ, గింజల మూటల వైపు ముక్కు కూడా తిప్పకుండా "బాగున్నాయి, పంపించండి" అన్నప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

నేను నక్క సార్ దగ్గర కొత్తగా పనిలో చేరిన ఉడుతని. మేం ఏటి అవతలి అడవికి గింజలు అమ్ముతాం. ఎలుగుబంటి అక్కడి అధికారి. ఆయన వాసన చూసి సరేనంటేనే సరుకు ఏరు దాటుతుంది. కడుపు నిండితే ముక్కు పనిచేయదు కాబట్టి, ఆయన పస్తుతో రావాలని వాళ్ల రూలు. ఆ తేనెపట్టు ఆయన ముందు పెట్టింది నేనే.

"ఇది లంచం కదా సార్?" అని మెల్లగా అడిగాను.

నక్క సార్ నవ్వారు. "పరాయి చోటు నుంచి వచ్చినాయనకి మర్యాద చేస్తే లంచమంటావేంటే? చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదూ?"

"గింజలు బూజు పట్టాయి సార్. అక్కడ కుందేలు పిల్లలు తింటారు."

"అక్కడే కదా. మన పిల్లలు కాదుగా."

మూటలన్నీ తెప్ప మీదకి ఎక్కించేశారు. ఏటి ఉధృతి తగ్గగానే తెప్ప కదులుతుంది. నేను అవతలికెళ్లి నిజం చెబితే, మా అమ్మని తొర్రలోంచి గెంటేస్తారు. ఆ చెట్టు నక్క సార్‌దే. చెప్పకపోతే ఆ పిల్లలు అవే తింటారు.

మీరే చెప్పండి, నేనిప్పుడు ఏం చెయ్యాలి?