దారి మీద బెల్లం

పుట్ట నుంచి గోడ మీదుగా వంటింటి దాకా చీమలన్నీ కలిసి ఒక దారి వేసుకున్నాయి. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఎదురుపడ్డ ప్రతి చీమా ఆగి, మీసానికి మీసం తాకించి, ఎక్కడ నూకలు ఒలికాయో, ఎటు నీళ్లొస్తున్నాయో చెప్పి సాగిపోయేది.

ఒకరోజు బల్లి వచ్చింది. "ఇకనుంచి మీ దారి నేను చూసుకుంటాను. ఒక్క నూక కూడా ఇవ్వక్కర్లేదు" అంది. తోకతో దారి పొడుగునా బెల్లం పాకం పూసింది. చీమలు మురిసిపోయాయి. నాకడంలో పడి మీసాలు తాకించుకోవడమే మానేశాయి.

వానొచ్చింది. ముసలి చీమ కిందినుంచి పరుగెత్తుకొచ్చి, "పుట్టలోకి నీళ్లొస్తున్నాయి, గుడ్లు తీయండి!" అంటూ కనబడ్డ ప్రతి చీమనూ తట్టింది. ఒక్కటీ తలెత్తలేదు. గుడ్లన్నీ కొట్టుకుపోయాయి.

ముసలి చీమకు ఒళ్లు మండిపోయింది. నేరుగా బల్లి దగ్గరికే వెళ్లింది.

"సిగ్గులేదూ నీకు? దారి మాది, కబురు మాది. మధ్యలో బెల్లం పూయమని నిన్నెవరడిగారు? రోజురోజుకీ మావాళ్లు ఎందుకు తగ్గిపోతున్నారు?"

"నా మీద అరుస్తావేం? మీ దగ్గర నేనేమైనా తీసుకున్నానా?" అని బల్లి నోరంతా తెరిచి అరిచింది.

దాని నాలుక మీద నాలుగు చీమలు ఇంకా బెల్లం నాకుతూనే ఉన్నాయి.