తుపాకీ కట్టె

జయరాముడు తుపాకీ కట్టె కోసం ఊళ్లు తిరగడం మొదలుపెట్టాక అతని పెళ్లాం చెన్నమ్మకు అన్నం సయించడం మానేసింది.

కట్టె అంటే వెనక భాగం, కాల్చేటప్పుడు భుజానికి ఆనించేది. తెల్లోళ్ల కాలం నాటి మిలిటరీ తుపాకీ అది. అలాంటి వాటికి విడిభాగాలు చేయడం ఎప్పుడో మానేశారు.

అదే ఊరి ఓబుళేసుతో జయరాముడికి పగ ముదిరి, ఊరు రెండుగా చీలి, ఆ గొడవలోనే వాళ్ల కొడుకు కేశవ ఓబుళేసు తూటాకు పోయాడు. రెండిళ్ల తుపాకులనూ పోలీసులు పట్టుకుపోయారు. సాక్షులు నోరు మెదపలేదు. కేసు కొట్టేశారు. తుపాకులు తిరిగొచ్చాయి. వచ్చేసరికి ఒకదాని కట్టెను చెదలు పిండి చేసేశాయి.

ఆ చెదలకు చెన్నమ్మ మనసులోనే దండం పెట్టుకుంది.

ఇంతలో కొత్త ఆఫీసరు దిగాడు. సోమవారం తనిఖీ అన్నాడు. పేలని తుపాకీ అప్పగించి పోవాల్సిందే, ప్రాణభయం ఉన్నవాళ్లకే లైసెన్సు అన్నాడు. అది విన్నాక జయరాముడి కాలు ఇంట్లో నిలవలేదు.

"బోరు మోటారు కాలిపోయి చెనక్కాయ చేను ఎండుతాంటే దాని పార్టు తెచ్చేదానికి నీకు తీరిక దొరకల్యా. దీనికి మాత్రం బస్సులెక్కి తిరుగుతాండావు. సిగ్గుండాదా నీకు?" అంది చెన్నమ్మ.

"లైసెన్సు పోతే ఊర్లో నన్ను ఎవురు లెక్కజేస్తారే? టీ అంగట్లో నన్ను చూసి లేసేవాడు ఒక్కడుంటాడా?"

"కొడుకు పోయిన దినం ఎంతమంది లేసినారు?"

జయరాముడు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

అనంతపురం దుకాణంవాడు నవ్వి, "పెద్దాయనా, దీన్ని మ్యూజియంలో అడుగుపో" అన్నాడు. బుక్కరాయసముద్రం వడ్రంగి తుమ్మ చెక్కతో ఒకటి చెక్కి ఇచ్చాడు. మర బిగించబోతే నిలువునా చీలింది. చివరికి కళ్యాణదుర్గంలో అబ్దుల్ గఫూర్ దొరికాడు. వాళ్ల నాయన ఒకప్పుడు తుపాకులు బాగుచేసేవాడు. అటక మీద, ఎలకల గూటి కింద, పాత అక్రోటు కట్టె ఒకటి పడి ఉంది. డబ్బా అడుగున మరలు, స్ప్రింగు కూడా ఉన్నాయి.

"ఎవరి తుపాకీ కోసమన్నా?" అని అడిగాడు గఫూర్.

జయరాముడు డబ్బు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాడు.

తెచ్చి ఇంటి మధ్యలో, అన్నం తినే చోటే పెట్టాడు. ఎలకల ఉచ్చ కంపు, మురిగిన గ్రీజు కంపు ఇల్లంతా అలుముకున్నాయి. అతను మాత్రం ముక్కయినా మూసుకోలేదు. కడిగాడు. తుడిచాడు. పసిబిడ్డకు పట్టించినట్టు నూనె పట్టించాడు. చెన్నమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అది మళ్లీ పేలుతుందా?" అంది.

"పేలాల. పేలకుంటే మనకేం లాభం? గుడ్డ ఉంటే ఇయ్యి, చుట్టుకుంటా."

"ఇయ్యను."

అతనే లేచి దండెం మీది లుంగీ లాగాడు. కేశవ లుంగీ. పోయినవాడి బట్టలన్నీ పంచిపెట్టినా ఆ ఒక్కదాన్ని చెన్నమ్మ ఎవరికీ ఇవ్వలేదు.

"అది కేశవది!"

"గుడ్డే గదే."

కట్టెను అందులో చుట్టి చంకన పెట్టుకుని బయటపడ్డాడు. చెన్నమ్మ వాకిట్లో థూ అని ఉమ్మేసింది. అయినా మనసొప్పక, లుంగీనైనా తెచ్చుకుందామని వెనకాలే నడిచింది.

ఊరి ఆ చివర వీధిలో తలుపు తీసిన ఓబుళేసు, కేశవను కాల్చిన ఆ చేతులతోనే లుంగీ మూటను అందుకుంటుంటే, జయరాముడు గొంతు తగ్గించి అన్నాడు: "సోమవారానికి నీ తుపాకీ పేలకుంటే, నీతో నాకు ప్రాణభయం లేదని నా లైసెన్సు పీకేస్తారప్పా, బిరీన బిగించుకో."