ఎదురింటి పళ్ళెం

వజీహా చెప్పులు విడిచింది, గాజులు తీసింది, ఆఖరికి తలగుడ్డకున్న పిన్నులు కూడా పీకి బల్ల మీద పెట్టి మరీ తూకం యంత్రం ఎక్కింది. ముల్లు పోయిన వారం ఎక్కడ ఆగిందో అక్కడికే వెళ్ళి కదలనంది. కిందికి చూడకుండానే ఆవిడకి సంగతి అర్థమైంది. ఎదురుగా నిలబడ్డ రుబా ముఖానికి ఏదీ దాచుకోవడం చేతకాదు.

రుబా ఆ ఆస్పత్రిలో తిండి విషయం చూసే డాక్టరు. వజీహాకి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పది కిలోలు తగ్గితే తప్ప కత్తి పట్టనని సర్జన్ తెగేసి చెప్పాడు. ఆపరేషన్ జరక్కపోతే వచ్చే చలికాలానికి ఆవిడ మూడో అంతస్తు దిగి కిందికి రాలేదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ అంతా కొండలూ మెట్లే. మెట్లు దిగలేనివాళ్ళకి ఆ ఊళ్ళో బజారూ లేదు, పార్కూ లేదు, మనుషులూ లేరు. పిల్లల్లేరు, భర్త పోయాడు, ఇంట్లో ఉండేది ఆవిడొక్కతే.

రుబా మళ్ళీ మొదట్నించీ అడిగింది. పొద్దున వెన్న తీసిన పెరుగు, దోసకాయ ముక్కలు. మధ్యాహ్నం పప్పు చారు. సాయంత్రం కర్ర పట్టుకుని పార్కులో నడక, ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని కాళ్ళెత్తే కసరత్తు. అన్నీ చేస్తున్నానని వజీహా ఒట్టేసింది. ఆ ఒట్టు అబద్ధం కాదు. చెమటలు కక్కుకుంటూ ఆవిడ నడవడం రుబా కళ్ళారా చూసింది.

"మరి ఒళ్ళెందుకు తగ్గదు ఖాలా? గాలి పీల్చి లావవుతున్నారా?"

వజీహా గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంటూ కాసేపు నసిగింది. చివరికి ఎదురింటి ఉమ్ ఫవ్వాజ్ పేరు బయటపెట్టింది.

వారంలో మూడు నాలుగుసార్లు ఎదురింటి నుంచి పళ్ళెం వస్తుందట. ఒకరోజు గుమ్మడికాయల్లో బియ్యం, మాంసం కూరి ఉడికించిన దోల్మా, ఇంకోరోజు మాంసం, వంకాయ వేసి వండిన మక్లూబా అన్నం. తిండి పారేస్తే పాపం కాబట్టి తినాలి. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు కాబట్టి తనూ ఏదో ఒకటి వండాలి. వండాక రుచి చూడకుండా ఎలా పంపుతుంది? ఇరవయ్యేళ్ళ అలవాటట.

రుబాకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఈ ఊళ్ళో సగం పొట్టలు పొరుగువాళ్ళు పెంచినవే అని ఆమె ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

"ఒక్కసారి ఖాళీ పళ్ళెం పంపండి. దాంతో ఆగిపోతుంది."

"అది ముఖాన తలుపేసినట్టు కాదూ?"

"పోనీ, వద్దని నోటితో చెప్పండి. మోకాళ్ళ సంగతి తెలిస్తే ఆవిడ మాత్రం అర్థం చేసుకోదా?"

వజీహా తల అడ్డంగా ఊపింది. "నేనూ వద్దంటే ఆమెకి ఇంకెవరున్నారు తల్లీ? తనొక్కదాని కోసమైతే పొయ్యి కూడా వెలిగించదు. ఎవరో తింటారంటేనే వండుతుంది."

ఆ మాట రుబా మనసులో ముల్లులా దిగింది. ఇంటికెళ్ళినా వదల్లేదు. పాపం, ఆ ముసలమ్మకి కావలసింది పళ్ళెం తీసుకునే మనిషి కాదు, తలుపు తట్టే మనిషి అనుకుంది. ఇద్దర్నీ కలిపి సాయంత్రాలు పార్కుకి తోలితే ఆవిడ ఒంటరితనమూ తీరుతుంది, వజీహా మోకాళ్ళూ బాగుపడతాయి. వజీహా ఎలాగూ నోరు విప్పదు కాబట్టి ఆ మాటేదో తనే చెబుదామని గురువారం పని ముగించుకుని బయల్దేరింది.

మూడో అంతస్తు చేరకముందే వెల్లుల్లి, ధనియాల పోపు ఘాటు గుప్పుమంది. ఉమ్ ఫవ్వాజ్ మళ్ళీ మొదలుపెట్టిందన్నమాట అనుకుంటూ ముందు వజీహా తలుపే తట్టింది.

తలుపు తీసిన వజీహా కాసేపు నమ్మలేనట్టు చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, సోఫా మీది దుప్పటి తీసి కూర్చోబెట్టింది. రుబా వచ్చిన పని చెప్పేలోపే నీలం అంచు పళ్ళెం నిండా అన్నం, కోడిమాంసం, ములూఖియా ఆకుకూర పట్టుకొచ్చింది. ఇప్పుడే వచ్చిందనీ, చల్లారకముందే తినమనీ, నువ్వు తింటే నాకు తప్పుతుందనీ బతిమాలింది. రోజంతా పదిమందికి ఉపవాసాలు చెప్పిన రుబా పాఠాలన్నీ గుమ్మం బయట వదిలేసి తినడం మొదలుపెట్టింది. వజీహా తను ముట్టలేదు. ఎదురుగా చెంపకి చెయ్యి ఆనించుకుని ఆమె తినడమే చూస్తూ కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా?"

సరిపోవడమేమిటి, మా అమ్మ కూడా ఇంత బాగా వండలేదని రుబా ఒప్పుకుంది. వజీహా ముఖం విప్పారింది.

చేతులు కడుక్కుని, పదండి, ఆవిడ దగ్గరికి ఇద్దరం వెళ్దాం అంది రుబా. ఈ వేళప్పుడు ఆమె నిద్రపోతుందని వజీహా కంగారుగా అడ్డుపడింది. ఇంకోసారి చూద్దామంది. ఆ ఇంకోసారి ఎప్పుడని కూడా తనే అడిగింది. గుమ్మం దగ్గర రుబా చెయ్యి వదలడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

తలుపు మూసుకుంది. రుబా రెండు మెట్లు దిగి ఆగింది. ఇంత దూరం వచ్చి ఆ మాట చెప్పకుండా పోవడం ఆమెకి నచ్చలేదు. వెనక్కి వచ్చి ఎదురింటి తలుపు మెల్లగా తట్టింది. పలుకు లేదు. మళ్ళీ తట్టింది.

పై అంతస్తు నుంచి బట్టల బుట్టతో దిగుతున్న ఒకావిడ ఆగి, ఎవరు కావాలని అడిగింది. ఉమ్ ఫవ్వాజ్‌గారితో చిన్న పనుందనీ, వజీహాకి ఇక కూరలు పంపవద్దని చెప్పడానికి వచ్చాననీ అంది రుబా.

ఆవిడ బుట్ట కింద పెట్టింది. వజీహా తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఉమ్ ఫవ్వాజ్ చనిపోయి మూడేళ్ళయిందమ్మా."